మూసిన తలుపుల వెనుక జరిగే కౌన్సిల్ సమావేశాలను తనిఖీ చేసేదెవరు? ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పురపాలక పెద్దలకు బహిరంగ లేఖ

రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, పురపాలక శాఖ కమిషనర్ గారికి, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లకు, ఈ జిల్లాల్లోని మేయర్లు, చైర్‌పర్సన్లు, కార్పొరేటర్లు, కౌన్సిలర్లకు,

నమస్కారం.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక పట్టణంలో ఏటా ఇంటి పన్ను, నల్లా బిల్లు కడుతున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడిని. మా పట్టణం పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే ఇది ఫలానా చైర్‌పర్సన్ మీద, ఫలానా పార్టీ మీద ఫిర్యాదుగా మారిపోతుంది, మీరూ అలాగే పక్కన పెట్టేస్తారు. నేను అడగదలచినది వ్యక్తుల గురించి కాదు, పద్ధతి గురించి. ఇదే విషయాన్ని ముందు పురపాలక కార్యాలయంలోనూ, ఆ తర్వాత కలెక్టరేట్ ప్రజావాణిలోనూ రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. ఫలితం లేకపోవడంతో బహిరంగంగా రాయవలసి వచ్చింది.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. మా పట్టణంలో వారానికోసారి జరిగే అంగడికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి ఆడవాళ్లు కూరగాయల గంపలతో వస్తారు. ఒక అంగడి రోజు పొద్దున్నే తైబజారు (అంగడిలో అమ్ముకునేవారు కట్టే రుసుము) వసూలు చేసే అబ్బాయి కొత్త చిట్టీల పుస్తకంతో వచ్చి, గంపకు ఇంత, తోపుడు బండికి ఇంత అంటూ పాత రేటుకు రెట్టింపు అడిగాడు. ఎవరు పెంచిండ్రని వాళ్లు నిలదీస్తే, "కౌన్సిల్ల పాసైంది" అన్నది ఒక్కటే అతను చెప్పిన జవాబు. విచారిస్తే తెలిసిందేమిటంటే, అంతకు ముందు జరిగిన సర్వసభ్య సమావేశంలో విలేకరులను, చూడడానికి వచ్చిన నలుగురైదుగురు పట్టణవాసులను బయటికి పంపి తలుపులు వేశారు. సభ్యులకు ముందుగా పంచిన అజెండాలో తైబజారు ఊసే లేదు. అది టేబుల్ అజెండాగా, అంటే ముందుగా పంచకుండా సమావేశంలోనే అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే అంశంగా వచ్చింది.

తీర్మానం ప్రతి అడిగితే, మినిట్స్ (సమావేశంలో జరిగినదాని రాతపూర్వక నమోదు) ఇంకా ఖరారు కాలేదన్నారు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, గడువు దాటాక అప్పీలు చేస్తే చివరకు ఒక కాగితం చేతికొచ్చింది. అందులో ఉన్నది ఒకే వాక్యం: "అంశమును చదివి వినిపించగా సభ్యులు ఏకగ్రీవముగా ఆమోదించిరి." జనాన్ని ఎందుకు బయటికి పంపారో అందులో లేదు. ఏ రేటు నుంచి ఏ రేటుకు పెంచారో లేదు. వేలం జరిగిందా, ఎంతమంది పాడారు, ఎవరైనా సభ్యుడు అభ్యంతరం చెప్పాడా అన్నదీ లేదు. ప్రజావాణిలో ఇచ్చిన మా వినతిపత్రానికి కొంతకాలానికి జవాబు వచ్చింది. మా దరఖాస్తును తగు చర్య నిమిత్తం సంబంధిత పురపాలక కమిషనర్‌కు పంపించడమైనదని అందులో ఉంది. అంటే కౌన్సిల్ మీద చేసుకున్న ఫిర్యాదు తిరిగి తిరిగి ఆ కౌన్సిల్ కార్యాలయంలోని బల్ల మీదికే చేరింది.

ఈ లేఖ సారాంశం అదే. కౌన్సిల్ అప్పుడప్పుడు తలుపులు వేసుకోవడం తప్పని నేను అనడం లేదు. అలా వేసుకోవడం సబబా కాదా అని తేల్చే బయటి వ్యక్తి ఎవరూ లేకపోవడమే తప్పు. వేసినవారే, వేయడం సరైనదని తామే తీర్పు చెప్పుకుంటున్నారు.

కొన్ని విషయాలు గోప్యంగా మాట్లాడుకోవలసినవే. ఒక పారిశుద్ధ్య కార్మికుడి మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలా వద్దా అన్న చర్చ అతని పిల్లలు మర్నాడు పేపర్లో చదవవలసిన విషయం కాదు. డంపింగ్ యార్డుకు భూమి కొనేటప్పుడు ఎంతవరకు పెట్టగలమో ముందే బయటపడితే అమ్మేవాడు అక్కడి నుంచే బేరం మొదలుపెడతాడు. కోర్టులో నడుస్తున్న కేసుపై న్యాయవాది ఇచ్చిన సలహా కూడా అంతే. కానీ తైబజారు రేటు, మడిగల (పురపాలక దుకాణాల) లీజు పొడిగింపు, కాలనీ లేఅవుట్‌లో ఖాళీగా వదిలిన స్థలం వినియోగం, నల్లా చార్జీలు, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చే పనులు వీటిలో దేని కిందికి వస్తాయో ఎవరైనా విడమరచి చెప్పగలరా?

చట్టంలో దీని ప్రస్తావన లేకపోలేదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ ఎవరూ అడగకుండానే 17 అంశాలను ప్రకటించాలి. వాటిలో ఎనిమిదోది సరిగ్గా దీని గురించే: సంస్థకు ఉన్న బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలు ఏవి, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్న వివరం. అదే సెక్షన్‌లోని (సి) ప్రకారం ప్రజలను ప్రభావితం చేసే నిర్ణయాలను ప్రకటించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలి. (డి) ప్రకారం పరిపాలనా నిర్ణయాలకు కారణాలను, ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వారికి తెలియజేయాలి. మా అంగడిలో గంప ముందు కూర్చున్న మనిషి మీద ఆ నిర్ణయం పడిందన్నది నిర్వివాదం. ఆమెకు కారణం చెప్పిందెవరు?

సమాచార హక్కు ఉంది కదా, ఇంకో తనిఖీ వ్యవస్థ ఎందుకని మీరు అనవచ్చు. ఆ హక్కు కాగితంలో ఉన్నదాన్ని ఇప్పించగలదు, కాగితంలో రాయనిదాన్ని ఇప్పించలేదు. పైగా అప్పీళ్లు విని తీర్పు చెప్పవలసిన రాష్ట్ర సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ కూడా లేకుండా ఉండిపోయింది. ఆ కాలంలో రెండో అప్పీలు వేసినవారు రసీదు జాగ్రత్త చేసుకోవడం మినహా చేయగలిగింది లేదు.

కౌన్సిలే లేని కాలం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 2020 జనవరి ఎన్నికల్లో గెలిచిన పాలకవర్గాల గడువు 2025 జనవరి 26తో ముగిసింది. 2021లో ఎన్నికలు జరిగిన అచ్చంపేట, జడ్చర్ల, నకిరేకల్ వంటి కొన్ని చోట్ల మినహా మన పట్టణాలన్నీ ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. గ్రామ పంచాయతీల్లో అంతకు ఏడాది ముందే, 2024 ఫిబ్రవరి నుంచి, ఇదే పరిస్థితి. కౌన్సిల్ చేయవలసిన తీర్మానాన్ని ఒక అధికారి తన గదిలో కూర్చుని ఒక్క సంతకంతో చేశారు. తలుపులు మూశారని ఫిర్యాదు చేయడానికి అసలు సమావేశమే లేదు. ఆ అధికారుల నిజాయితీని నేను శంకించడం లేదు. అయితే ఆ సంతకాల కింద ఏయే లీజులు పొడిగించారో, ఏయే పనులు ఇచ్చారో ఒక్క చోట పట్టికగా పెట్టిన పట్టణం ఉంటే చూడాలని ఉంది. ఇంకో సంగతి. ఆ కాలంలో పురపాలక బాధ్యత చూసింది జిల్లా యంత్రాంగమే. రేపు కౌన్సిల్ గోప్య సమావేశాన్ని తనిఖీ చేయమంటే ఆ పనిని కూడా జిల్లా యంత్రాంగానికే అప్పగిస్తే, నిన్న తాము చేసినదాన్నే ఈరోజు తాము పరీక్షించుకున్నట్టవుతుంది. అందుకే స్వతంత్ర వ్యవస్థ కావాలంటున్నాను.

ఈ గోప్యత వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఏమిటో వరుసగా రాస్తాను.

1. నిర్ణయం జరిగిన తర్వాతే దాని గురించి తెలుస్తుంది. అభ్యంతరం చెప్పే అవకాశం సమావేశానికి ముందు ఉంటేనే విలువ. టేబుల్ అజెండా ద్వారా వచ్చిన అంశం మీద అభ్యంతరం చెప్పడానికి పట్టణవాసికే కాదు, తన వార్డు కౌన్సిలర్‌కు కూడా వ్యవధి ఉండదు. ప్రతిపక్ష సభ్యులు కొందరు మాతో అన్న మాట ఇది: కాగితం చేతికి వచ్చేసరికి చదవడం అయిపోయింది, చదవడం అయ్యేసరికి పాసైపోయింది.

2. వలస వెళ్లినవారికి ఆ మాత్రం కూడా తెలియదు. పాలమూరు నుంచి, దేవరకొండ ప్రాంతం నుంచి కుటుంబాలు హైదరాబాద్‌కు, ముంబైకి, పుణెకు పనికి పోయి పండుగలకో, పొలం పనులకో తిరిగి వస్తాయి. ఇంటి ముందు స్థలం ఎవరికో లీజుకు పోయిందని, నల్లా బకాయికి కనెక్షన్ తీసేశారని వాళ్లు తిరిగి వచ్చాకే తెలుసుకుంటారు. మినిట్స్ ఫోన్‌లో చదువుకునేట్టు పెడితే వలస కూలీ కొడుకు భివండీలో కూర్చుని కూడా చదువుకోగలడు. అది ఖర్చుతో కూడిన పని కాదు.

3. గోప్యత ఉన్నచోట పుకారు పుడుతుంది. మడిగ లీజుకు పలానా వారికి ఇంత ముట్టిందని టీ కొట్టు దగ్గర వినిపించే మాటల్లో నిజమెంతో నాకు తెలియదు. కానీ నిజాయితీగా ఓటు వేసిన కౌన్సిలర్ కూడా అదే మాట పడుతున్నాడు. చర్చ నమోదై ఉంటే తాను ఏం మాట్లాడాడో అతను చూపించుకోగలడు. "ఏకగ్రీవం" అన్న ఒక్క పదం అతన్నీ, అతనితో విభేదించినవాణ్ణీ ఒకే గాటన కడుతోంది.

4. చిన్న వ్యాపారికి వేలం సంగతి తెలియదు. తెలిసినవారే పాడతారు, తెలిసినవారికే దక్కుతుంది. పట్టణ ఆదాయం తగ్గితే ఆ లోటు పూడ్చడానికి పెంచేది మళ్లీ ఇంటి పన్నే.

5. నీటి విషయం. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన మనుషులను చూసిన జిల్లా మాది. మర్రిగూడ, మునుగోడు వైపు ఏ బోరు నీళ్లు తాగాలో ఏవి తాగకూడదో తెలియక ఎంత నష్టపోయామో మాకు తెలుసు. ఏ వార్డుకు ఏ ట్యాంకు నుంచి నీళ్లు వస్తాయి, పైపులైను మరమ్మతు ఎందుకు వాయిదా పడింది అన్న చర్చలో రహస్యం ఏముంటుందో నాకు అర్థం కాదు.

ఇక ఇటువంటి తనిఖీ ఎక్కడైనా ఉందా అంటే, ఉంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 444 పురపాలక సంస్థలు ఉన్నాయి. అక్కడ సమావేశాలన్నీ బహిరంగంగానే జరగాలి. ఉద్యోగి వ్యక్తిగత విషయం, భూమి కొనుగోలు అమ్మకాలు, కార్మిక సంబంధాలు, కోర్టు వ్యాజ్యం, న్యాయవాది సలహా వంటి మినహాయింపులను చట్టంలోనే రాసి పెట్టారు. తలుపులు వేసే ముందు, ఏ రకమైన అంశం కోసం వేస్తున్నామో అందరి ఎదుటా తీర్మానం చేయాలి. లోపల సమావేశ నిర్వహణ పద్ధతికి సంబంధించిన అంశాల మీద, సిబ్బందికి ఇచ్చే ఆదేశాల మీద తప్ప ఓటింగ్ జరపకూడదు. 2008 జనవరి 1 నుంచి, సమావేశాన్ని చట్టవిరుద్ధంగా మూసేశారని అనుమానం ఉంటే ఎవరైనా విచారణ కోరవచ్చు. కౌన్సిల్ సొంతంగా విచారణాధికారిని నియమించుకోని చోట ఆ రాష్ట్ర శాసనసభకు జవాబుదారీ అయిన అంబుడ్స్‌మన్ (ప్రజల ఫిర్యాదులు వినే స్వతంత్ర అధికారి) విచారిస్తారు. 2018 నుంచి, తప్పు జరిగిందని నివేదిక వస్తే దాన్ని ఎలా సరిదిద్దుకుంటామో కౌన్సిల్ తీర్మానం ద్వారా చెప్పాలి కూడా.

అక్కడి లండన్ అనే నగరంలో 2013 ఫిబ్రవరిలో మేయర్, ఆరుగురు కౌన్సిలర్లు ఒక హోటల్ వెనుక గదిలో భోజనానికి కలిశారు. అది మామూలు భోజనమేనని వారన్నారు. అంబుడ్స్‌మన్ విచారించి అది చట్టవిరుద్ధమైన రహస్య సమావేశమేనని అదే ఏడాది అక్టోబరులో నివేదిక ఇచ్చారు. మన దగ్గర సమావేశానికి ముందు రోజు రాత్రి ఎవరి ఇంట్లోనో, ఏ ఫంక్షన్ హాల్లోనో అన్నీ మాట్లాడుకుని, మర్నాడు పావుగంటలో మమ అనిపించే అలవాటు గురించి మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. అదే నగర పాలక సంస్థ మూసిన సమావేశాల్లో చర్చించి తెచ్చిన ఒక నిర్మాణ నియంత్రణ ఉపచట్టం చెల్లదని 2007లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. మూసిన తలుపుకు అక్కడ న్యాయపరమైన పర్యవసానం ఉందన్నమాట.

ఆ విధానంలో ఒక లోపం కూడా నాకు కనిపిస్తోంది. కౌన్సిల్ తన మీద విచారణ జరిపే వ్యక్తిని తానే ఎంచుకుని, తానే రుసుము చెల్లించవచ్చు. దాన్ని మాత్రం మనం తెచ్చుకోనవసరం లేదు.

విదేశాల దాకా వెళ్లడం ఎందుకంటారా? స్థానిక సంస్థల మీద ఫిర్యాదులు వినడానికి కేరళలో 2000 నుంచి ప్రత్యేక అంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉంది. రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2007లో స్థానిక పాలనపై ఇచ్చిన తన ఆరో నివేదికలో ఇదే సిఫార్సు చేసింది. 13వ ఆర్థిక సంఘం ఇలాంటి అంబుడ్స్‌మన్ ఏర్పాటును పనితీరు గ్రాంట్లకు షరతుగా పెట్టింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి విడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఆ పథకం పనుల మీద సామాజిక తనిఖీ జరిపి, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) అందరి ముందు పైకి చదివి, కూలీ లేచి నిలబడి ఈ రోజు నేను పనికి పోలేదు, నా పేరు ఎవరు రాశారని అడగడం మన మండలాల్లో ఏళ్ల తరబడి చూశాం. ఊళ్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను అంతమంది ముందు నిలబెట్టి అడగగలిగినప్పుడు, అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద నిధులు చూసే కౌన్సిల్‌ను అడగడానికి అడ్డేమిటి?

2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోధికులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలంది. ఒక్కో దానిలో 15 మంది. మొక్కలు నాటే రోజున, చెత్త వేరు చేయమని చెప్పే రోజున ఈ 60 మంది గుర్తుకొస్తారు. కౌన్సిల్ హాలులో వీరికి ఒక బెంచీ వేయవచ్చని మాత్రం ఎవరికీ తోచడం లేదు.

జనం వస్తే గొడవ జరుగుతుంది, సెల్‌ఫోన్లలో తీసి ముక్కలు ముక్కలుగా ప్రచారం చేస్తారు అన్న అభ్యంతరం కౌన్సిలర్ల నుంచి వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కానీ దానికి మందు పూర్తి రికార్డింగు, మూసివేత కాదు. అసెంబ్లీ ప్రత్యక్ష ప్రసారం అవుతోంది. 2022 సెప్టెంబరు నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలే ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. మురికి కాలువల మీద మన వార్డు సభ్యుల చర్చ అంతకంటే సున్నితమైనదేమీ కాదు.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి.

1. ఉమ్మడి రెండు జిల్లాల పురపాలక, నగర పాలక సంస్థల గోప్య సమావేశాలపై ఫిర్యాదులు విని విచారించే స్వతంత్ర అధికారిని రాష్ట్ర ప్రభుత్వం నియమించాలి. ఆ వ్యక్తి విశ్రాంత న్యాయాధికారి అయి ఉండాలి, ఏ కౌన్సిల్ కిందా, ఏ కలెక్టర్ కిందా పనిచేయకూడదు, జీతం పురపాలక నిధుల నుంచి రాకూడదు. మినిట్స్, రికార్డింగులు తెప్పించుకుని చూసే అధికారం ఉండాలి. ఫిర్యాదుకు రుసుము వద్దు. తెలుగులో చేతితో రాసిచ్చినా, ఉర్దూలో రాసిచ్చినా తీసుకోవాలి. దీనికి చట్ట సవరణ అవసరమైతే శాసనసభ ముందుకు తేవాలి. అది జరిగేలోగా ప్రయోగాత్మకంగా ప్రభుత్వ ఉత్తర్వు ద్వారానైనా మొదలుపెట్టాలి.

2. తలుపులు వేయాలంటే ఏ అంశం కోసం, ఏ కారణంతో అన్నది ముందుగా బహిరంగంగా చదివి, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లతో నమోదు చేయాలి. గోప్యత అవసరం తీరిన తర్వాత, అంటే భూమి కొనుగోలు పూర్తయ్యాక, కేసు ముగిశాక, ఆ మినిట్స్ బయటపెట్టాలి.

3. పన్నులు, రుసుములు, లీజులు, వేలాలు, స్థలాల వినియోగం టేబుల్ అజెండాగా రాకూడదు. వరద, అంటువ్యాధి వంటి నిజమైన అత్యవసరానికి మినహాయింపు ఉండవచ్చు.

4. గోప్య భాగంతో సహా ప్రతి సమావేశాన్ని ఆడియో రికార్డు చేసి భద్రపరచాలి. గోప్య భాగం సీలు వేసి ఉంచి, విచారణాధికారి అడిగితే ఇవ్వాలి.

5. ప్రత్యేకాధికారుల కాలంలో చేసిన తీర్మానాలన్నింటినీ పట్టణాలవారీగా వెబ్‌సైట్‌లోనూ, కార్యాలయం నోటీసు బోర్డు మీదా పెట్టాలి.

6. విచారణలో తప్పు తేలితే ఆ నిర్ణయాన్ని బహిరంగ సమావేశంలో మళ్లీ చర్చకు తేవాలి. అప్పటిదాకా దాని అమలు ఆగాలి. ఈ ఒక్కటి లేకపోతే మిగతా అన్నీ కాగితాల మీదే ఉంటాయి.

కౌన్సిలర్లకు ఒక మాట. వీటిలో రెండో, మూడో, నాలుగో అంశాలను తమ సమావేశాల్లో పాటించడానికి హైదరాబాద్ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలోనే మీలో ఒకరు ప్రతిపాదించి, మరొకరు బలపరిస్తే అది తీర్మానమవుతుంది. మా వార్డు సభ్యురాలికి ఆ ప్రతిపాదన ముసాయిదా రాసి ఇచ్చాను. కోరినవారికి ఇస్తాను.

ఈ లేఖ ప్రతులను పైన పేర్కొన్న కార్యాలయాలన్నింటికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. జవాబు ఏదైనా సరే, తిరస్కరణ అయినా సరే, కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. దయచేసి దీన్ని తగు చర్య నిమిత్తం మా పురపాలక కమిషనర్‌కు మాత్రం పంపవద్దు.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు,
ఉమ్మడి నల్లగొండ జిల్లా